దిల్ ఘబ్రారా

మా ఇండ్లల్లో ఆడవాళ్లు ‘డిప్రెషన్’ అనరు. ‘స్ట్రెస్’ అనరు. ‘దిల్ ఘబ్రారా’ అంటారు. గుండె దడదడలాడినా అదే మాట. నెలాఖరుకు బియ్యం డబ్బా అడుగు కనబడినా అదే మాట. దుబాయిలో ఉన్న కొడుకు రెండు రోజులు ఫోను ఎత్తకపోయినా అదే మాట. డాక్టరు దగ్గరికి పోతే ఈసీజీ తీస్తాడు. ఈసీజీలో ఏమీ ఉండదు. “అంతా మంచిగనే ఉన్నదమ్మా, కొంచెం రెస్టు తీసుకో” అని బలానికి ఒక సీసా రాసిస్తాడు. ఆ సీసా ఇంటికొచ్చి అల్మారాలో పాత సీసాల పక్కన చేరుతుంది. రెస్టు ఏ దుకాణంలో దొరుకుతుందో ఆయనా రాయడు, మేమూ అడగం.

ఆ మాట మీదనే నాలుగు ముక్కలు రాద్దామని కూర్చున్నాం. మేము అంటే ఇద్దరం అక్కచెల్లెళ్లం. నిజామాబాద్ జిల్లాలో ఒక చిన్న పట్నం మాది. మాలో పెద్దామె సర్కారు బడిలో పంతులమ్మ. చిన్నామె ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ చేసి, ఇంట్లో అమ్మీతోపాటు బీడీలు చుడుతూ, సాయంత్రం గల్లీ పిల్లలకు ట్యూషన్ చెబుతుంది. ఇద్దరివీ పక్కపక్క ఇండ్లు. నడుమ ఒక గోడ, ఆ గోడకు ఒక తలుపు. ఆ తలుపు గొళ్లెం పడ్డ రోజు మాకు గుర్తు లేదు. అబ్బా పక్షవాతంతో మంచంలో ఉన్నాడు. ఈ రెండిండ్లలో ఏ పని ఎవరు చేశారో, ఏ ఏడుపు ఎవరు ఏడ్చారో విడదీసి చెప్పడం మా వల్ల కాదు. అందుకే ‘మేము’ అని రాస్తున్నాం.

మామీద జాలి పడాలని రాయడం లేదు. పని ఎక్కువైన ఇండ్లు మావి మాత్రమే కావు. మా పక్క వాడలో మాదిగల ఇండ్లున్నాయి, సాలోళ్ల ఇండ్లున్నాయి. ఆ ఆడవాళ్లూ మాతోపాటే కార్ఖానాకు బీడీలు మోసుకుపోతారు. అలసటకు మతం లేదంటే ఒప్పుకుంటాం. కానీ బరువు ఎట్లా పేరుకుంటుందో, ఎవరి నెత్తిమీద పేరుకుంటుందో, దాన్ని దించుకోబోతే ఎవరు అడ్డం వస్తారో, అక్కడ మా ఇంటికి వేరే కథ ఉంది. అది తెలుగులో ఎవరూ పెద్దగా రాయలేదు. రాయాల్సినవాళ్లకు తీరిక లేకపోవడం కూడా ఒక కారణమేమో!

ముందు బీడీల సంగతి. చూడనివాళ్లకు అది నీడపట్టున కూర్చొని చేసుకునే సుఖమైన పని. తునికాకును నీళ్లలో నానబెట్టాలి. ఆ తడి మీదనే కొలత రేకు పెట్టి కత్తెరతో కోయాలి. చాట ఒళ్లో పెట్టుకొని, ఆకులో తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టాలి. 25 బీడీలకు ఒక కట్ట. 40 కట్టలైతే వెయ్యి. కూలీ అంతా ఆ వెయ్యి లెక్కనే. చెయ్యి తిరిగినవాళ్లకు కూడా వెయ్యి బీడీలంటే పది పన్నెండు గంటల పని. నడుమ వంట, నీళ్లు, అబ్బా మందులు, వచ్చిపోయేవాళ్లకు చాయ్ పడితే ఆరేడు వందల దగ్గరనే పొద్దు గూకుతుంది. కార్ఖానాలో లెక్క చూసేటాయన బాగాలేవని కొన్ని తీసి పక్కకు వేస్తాడు. వాటికి కూలీ లేదు. తక్కువ పడిన ఆకు మేమే కొనుక్కోవాలి.

2006 నవంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన సచార్ కమిటీ నివేదికలో ఒక అంకె ఉంది. పనిచేసే ముస్లిం ఆడవాళ్లలో నూటికి 70 మంది సొంత ఇంట్లోనే కూర్చొని పనిచేస్తున్నారట. దేశంలో పనిచేసే ఆడవాళ్లందరినీ కలిపి చూస్తే ఆ లెక్క 51. ఆ నివేదిక గురించి మాట్లాడినవాళ్లందరూ ఐఏఎస్‌లో మావాళ్లు నూటికి ముగ్గురే ఉన్నారన్న ముక్కను పట్టుకున్నారు. అది పట్టుకోవాల్సిందే. కానీ మాకు మాత్రం ఆ 70 దగ్గర కన్ను ఆగిపోయింది. ఇంట్లోనే పని అంటే ఏమిటో ఎవరైనా ఆలోచించారా? పనికి పోవడం ఉండదు, పని నుంచి రావడం ఉండదు. బస్సు దిగి ఇంటిదాకా ఒంటరిగా నడిచే పది నిమిషాలు ఉండవు. ఆదివారం ఉండదు. ఒళ్లో చాట ఉన్నా సరే, వచ్చిన చుట్టం “ఖాళీగనే కూసున్నవ్ గదా, జర పిలగాన్ని చూస్తుండు” అని బిడ్డను పక్కన దించి పోతుంది. పనిలో ఉన్న మనిషిని ఖాళీ మనిషి అనే మాట ఇంటి పనిలోనే వినబడుతుంది.

ఇంట్లో మొదటగా చదువుకున్న మనిషి సంగతి ఇంకొకటి.

“ఆపా, జరా యే ఫారం భర్ దేవ్.” ఫజర్ నమాజు అయిన కాడినుంచి ఇషా దాకా మా గుమ్మంలో వినబడే మాట ఇది. ఆపా, కొంచెం ఈ ఫారం నింపి పెట్టు. రేషన్ కార్డు, ఆధార్, బ్యాంకు ఖాతా, బీడీ కార్డు, పీఎఫ్. 2014 అక్టోబరులో షాదీ ముబారక్ మొదలైంది. అప్పుడు 51,000 రూపాయలు, తర్వాత 75,116, 2018లో 1,00,116. ఆ డబ్బుతో గల్లీలో కొన్ని పెండ్లిండ్లకు అప్పు తప్పింది, అబద్ధం ఎందుకు చెప్పాలి? కానీ ప్రతి పెండ్లికీ వయసు రుజువు, ఆదాయం సర్టిఫికెట్, బ్యాంకు పుస్తకం, వాటి జిరాక్సులు. పెండ్లికూతురికి గోరింటాకు పెట్టకముందే ఆమె కాయితాల కట్ట మా ఇంటికి వచ్చేది. పిల్లల స్కాలర్‌షిప్పులు మరీను. కేంద్ర ప్రభుత్వం 2008లో మొదలుపెట్టిన మైనారిటీ ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్‌కు ఏటా మా గల్లీ మొత్తానికీ మేమే రాసేవాళ్లం. 2022లో కూడా రాశాం. అన్నీ పంపాక ఆ నవంబరులో, ఒకటి నుంచి ఎనిమిది తరగతులవాళ్లకు ఇక ఇవ్వబోమన్నారు. ఆ సంగతి ఢిల్లీవాళ్లు ఎవరికి చెప్పారో గాని, ఇంటింటికీ తిరిగి తల్లులకు చెప్పే పని మాత్రం మా జిమ్మా పడింది.

అన్నిటికంటే పెద్ద పని పేర్లు. సెక్యులర్ మిత్రులకు ఈ సంగతి అంతగా తెలియకపోవచ్చు. షేక్ అన్న ఒక్క మాట ఒక కాయితంలో ‘షేక్’, ఒకదానిలో ‘షైక్’, ఒకదానిలో ‘ఎస్.కె.’. మహమ్మద్ అన్నది ‘ఎం.డి.’ అవుతుంది, ‘మొహ్మద్’ అవుతుంది. ఇంగ్లీషులోకి పోతే ఇంకా నాలుగు రకాలు. ఆడవాళ్ల పేరు చివర ఒకచోట ‘బీ’, ఒకచోట ‘బీబీ’, బ్యాంకు పుస్తకంలో ‘బేగం’. బడిలో వేసినప్పుడు సారుకు వినబడినట్టు రాసుకున్నాడు. ఓటరు లిస్టులో టైపు కొట్టినాయనకు తోచినట్టు పడింది. ఇంట్లో పిలిచే పేరు ఈ అన్నిటికీ వేరు. పుట్టిన తేదీలు మరీ విచిత్రం. మా గల్లీలో ముసలివాళ్లలో చాలామంది ఆధార్ ప్రకారం జనవరి 1నే పుట్టారు! మా నానీని ఎప్పుడు పుట్టావంటే, పెద్ద వాన పడ్డ ఏడు, రంజాన్ ముందు అనేది. ఏ కంప్యూటరు ఒప్పుకుంటుంది దాన్ని?

ఈ పేర్ల తేడాలు చాలా ఏండ్లు మాకు విసుగు మాత్రమే. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. వెనకనే ఎన్నార్సీ కూడా వస్తుందన్న మాట గల్లీలో పాకింది. అప్పుడు అది భయమైంది. ఏ అధికారీ వచ్చి మమ్మల్ని ఏ కాయితమూ అడగలేదు. కానీ ఆ చలికాలమంతా మా గుమ్మం ముందు చెప్పులు తగ్గలేదు. ఇనుప పెట్టెల అడుగునుంచి తీసిన పాత పహాణీలు, చిరిగిన టీసీలు, తాతల నాటి కౌలు కాయితాలు పట్టుకొని వచ్చి మా ముందు పరిచేవాళ్లు. అందరిదీ ఒకటే ప్రశ్న. “ఇది సాలుతదా ఆపా?” ఫారం నింపడం మాకు బరువు కాదు. ‘సాలుతదా’ అన్నదానికి మేం ఏం చెప్పాలి? మాకు తెలిసింది మేం చదివిన పత్రికలో ఉన్నంతే. చాలదంటే ముసలామెకు రాత్రి నిద్ర పట్టదు. చాలునంటే రేపు ఏమవుతుందో మాకు నిద్ర పట్టదు. 2020 మార్చిలో తెలంగాణ శాసనసభ ఆ చట్టానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఆ నెలలోనే లాక్‌డౌన్ వచ్చింది. జనం కాయితాలు మళ్లీ పెట్టెల్లో పెట్టుకున్నారు. మాకు మాత్రం ఆ ప్రశ్న చెవిలోంచి పోలేదు.

ఇంటి బరువుల్లో కొన్ని సముద్రం అవతలనుంచి కూడా వస్తాయి. మా మామూ జెద్దాలో పనిచేసేవాడు, పెండ్లాం పిల్లలను అక్కడే ఉంచుకున్నాడు. 2017 జూలైలో సౌదీ ప్రభుత్వం కుటుంబంలో ఒక్కొక్కరికి నెలకు 100 రియాళ్ల రుసుం పెట్టింది. అది ఏటా వంద చొప్పున పెరిగి 2020కి 400 అయ్యేట్టు ముందే చెప్పారు. మామీ, నలుగురు పిల్లలు. మొదటి ఏడు నెలకు 500 రియాళ్లు, మరుసటి ఏడు వెయ్యి. మామూ లెక్క వేసుకొని వాళ్లను ఇక్కడికి పంపేశాడు. మా ఎదురింట్లో అద్దెకు దిగారు. పిల్లలకు అరబ్బీ వచ్చు, ఇంగ్లీషు వచ్చు, హిందీ వచ్చు, తెలుగు మాత్రం ‘అ’ రాదు. 2018లో రాష్ట్రంలో బడులన్నిటా తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. తెలుగువాళ్లకు తెలుగు రావాలనడంలో మాకు పేచీ లేదు, మేం తెలుగులోనే రాసేవాళ్లం. కానీ పదమూడేండ్ల పిల్లవాడి చేత రాత్రి తొమ్మిది గంటలకు గుణింతాలు దిద్దించింది మేమే. వాడు ‘ఖ’కు ‘ఘ’కు తేడా తెలియక ఏడుస్తుంటే, మామీ వంటింట్లో కూర్చొని “దిల్ ఘబ్రారా” అని వేరే ఏడుస్తుండేది. ఇద్దరికీ చాయ్ పెట్టి ఇచ్చేదీ మేమే.

ఇక బడి. మాలో పెద్దామెకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, స్టాఫ్ రూములో డీఏ గురించో పీఆర్సీ గురించో మాటలు వస్తే అందరూ ‘మనం’ అనేవాళ్లు. “మనకు రావాల్సింది మనం అడగాలి మేడం.” 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలాయి. మర్నాడు అదే కుర్చీల్లో కూర్చున్నవాళ్లు “మీవాళ్లు ఎందుకిట్ల చేస్తరు మేడం?” అన్నారు. ఒక్క రాత్రిలో ‘మనం’ పోయి ‘మీవాళ్లు’ వచ్చింది. పుస్తకాల ఉర్దూలో ‘హమ్’ అన్నది ఒకటే. ఎదుటివాళ్లను కలుపుకున్నా, విడిచిపెట్టినా అదే మాట. తెలుగులో ‘మేము’ వేరు, ‘మనము’ వేరు. ఆ తేడా మేం వ్యాకరణ పుస్తకంలో నేర్చుకోలేదు, స్టాఫ్ రూములో నేర్చుకున్నాం.

అప్పటినుంచి ఆమె ఉద్యోగానికి ఇంకొక ఉద్యోగం తగిలింది. జీతం లేనిది, సెలవు లేనిది. ఎక్కడ ఏం జరిగినా జవాబు చెప్పడం. 2017లో తలాక్ తీర్పు వచ్చింది, దాని మీద మీరేమంటారు? 2020లో మర్కజ్ గొడవ, మీవాళ్లు ఎందుకు దాక్కున్నారు? 2022లో కర్ణాటకలో హిజాబ్, మీరు వేసుకోరు కదా, మరి వాళ్లెందుకు? అడిగేవాళ్లందరూ చెడ్డవాళ్లు కారు. కొందరు నిజంగా తెలుసుకుందామనే అడుగుతారు. మా సెక్యులర్ మిత్రులైతే “మీరే రాయాలి, మీరే మాట్లాడాలి, లోపలినుంచి గొంతు రావాలి” అంటారు. అదే సాయంత్రం బిరాదరీ పెద్ద ఒకాయన అబ్బాను చూడ వచ్చినట్టు వచ్చి, “బేటీ, ఇంట్ల మాట బైట రాయకు” అని చెప్పి పోతాడు. ఒకరు మాట్లాడమంటారు, ఒకరు నోరు మూసుకోమంటారు. ఇద్దరూ చెప్పే రోజున ఇంట్లో ఆకు నానబెట్టి ఉంటుంది, ఐదో తరగతి పరీక్ష పేపర్లు దిద్దాల్సి ఉంటాయి. నోరు తెరవడానికైనా మూయడానికైనా కొంచెం టైము కావాలి కదా!

ఇవి కాక సర్వేలు. ఉర్దూ వస్తుంది కదా మేడం అని మా మొహల్లా అంతా ఆమెకే వేస్తారు. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే ఒక్క రోజులో చేయమన్నారు, 2024 నవంబరులో కుల సర్వే. తలుపు తట్టగానే లోపలివాళ్లు భయపడకుండా చూడ్డం ఒక పని, రాసుకోవడం ఇంకొక పని. ఈద్ రోజు స్టాఫ్ మొత్తానికి బిర్యానీ, షీర్ ఖుర్మా. “మేడం, ఈసారి ఎప్పుడు?” అని వారం ముందునుంచే. ప్రేమతోనే అడుగుతారు. ప్రేమకు కూడా బియ్యం కడగాలి, ఉల్లిగడ్డ కోయాలి.

రంజాన్ చాంద్రమానం ప్రకారం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ వస్తుంది. 2022లో ఏప్రిల్ ఎండల్లో పడింది. తెల్లవారుజామున మూడింటికి లేచి సహరీ వంట, పగలంతా ఉపవాసంతో చాట, సాయంత్రం ఇఫ్తార్, తరావీహ్, మళ్లీ కాయితాలు. ఒక రాత్రి పదకొండు దాటాక మాలో చిన్నామె పక్కింటి పిల్ల ఫారం ముందేసుకొని కూర్చుంది. పుట్టిన తేదీ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆడలేదు. పెన్ను పట్టుకునే ఉంది, రాయలేకపోయింది. నొప్పి లేదు, జ్వరం లేదు. కండ్లనుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. సహరీకి పొయ్యి వెలిగించాల్సిన వేళదాకా అట్లనే కూర్చుంది. మొదటిసారి ఆ రెండిండ్లలో సహరీ వండింది తమ్ముడు. వండిందేముంది, పాలు కాచి రొట్టె పెట్టాడు.

తెల్లారి అందరూ వచ్చారు. నజర్ తగిలిందన్నారు, ఎండు మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశారు. ఘాటు రాలేదు కాబట్టి నజరేనని తేల్చారు. పెద్దవాళ్లు “సబర్ కరో బేటీ” అన్నారు. సబర్ పెద్ద మాట, మేం దాన్ని తక్కువ చేయం. అమ్మీ దాని మీదనే ముప్పై ఏండ్లు బతికింది. కానీ ఆ మాటను మా ఇండ్లల్లో ఎవరి చేతికి ఇస్తున్నారో చూడండి. చాయ్ ఆలస్యమైందని అరిచే మగవాడికి సబర్ అని ఎవరూ చెప్పరు. నలిగిపోతున్న మనిషి దగ్గరికే ఆ మాట నడిచి వస్తుంది.

బడిలో తోటి టీచరు ఒకామె మంచి మనసుతో ఒక పత్రిక ఇచ్చింది. పని ఒత్తిడి తగ్గించుకోవడం ఎట్లాగో అందులో ఉంది. తెల్లవారుజామున ఐదింటికి లేవాలట. మేం రెండు గంటలు ముందే లేస్తున్నాం! ‘కాదు’ అనడం నేర్చుకోవాలట. రోజూ అరగంట తలుపు వేసుకొని మీకోసం మీరు కూర్చోవాలట. రాసినాయన మంచివాడే అయి ఉంటాడు. కానీ ఆయన మనసులో తలుపున్న ఒక గది ఉంది. మన చేతిలో ఉన్నది మనం కింద పెడితే పక్కన ఇంకెవరో ఎత్తుకుంటారన్న నమ్మకం ఉంది. మా గల్లీలో మేం కాదంటే ఆ ఫారం ఎవరు నింపుతారు? మీసేవ దగ్గర డబ్బు తీసుకొని ఎవరో నింపుతారు, పేరు ఇంకొక రకంగా పడుతుంది, ఆరు నెలలకు అది మళ్లీ మా గుమ్మానికే వస్తుంది. మమ్మల్ని ముంచింది పని కాదు. ప్రతి పనికీ ఒక్క మనిషే ఉండటం ముంచింది. చదువు గల్లీకి ఒకరిద్దరి ఇంట్లోకే వచ్చినప్పుడు, గల్లీ బరువంతా ఆ ఒకరిద్దరి నెత్తి మీదకే వస్తుంది.

ఈద్ అయినాక ఒక గురువారం అమ్మీ మమ్మల్ని వర్ని దగ్గరి బడా పహాడ్‌కు తీసుకుపోయింది. గుట్ట మీద దర్గా. మెట్లెక్కి, పూలు పెట్టి, ఒక పక్కన కూర్చున్నాం. ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు అక్కడ. బొట్టు పెట్టుకున్న ఆడవాళ్లు, బురఖా వేసుకున్న ఆడవాళ్లు పక్కపక్కన గోడకు ఆనుకొని ఉన్నారు. ఒకామె కొంగు కప్పుకొని చాలాసేపు ఏడ్చి, లేచి మొహం కడుక్కొని, సంచీలోంచి అటుకులు తీసి మాకు కూడా పెట్టింది. ఊరొచ్చాక మా చాచా కొడుకు, ఈమధ్య జమాత్‌లో తిరుగుతున్నాడు, దర్గాలకు పోవడం తప్పని గంటసేపు చెప్పాడు. శాస్త్రం సంగతి ఆలిములు చూసుకుంటారు. మేం అడిగింది ఒకటే. ఈ జిల్లాలో ఒక ఆడమనిషి రెండు గంటలు కూర్చొని ఏడిస్తే, ‘ఈరోజు ఏం వండినవ్’ అని అడగని జాగా ఇంకొకటి చూపించు, అక్కడికే పోతాం. వాడు ఇంకా చూపించలేదు.

ఏడుపుతో మనసు తేలికపడుతుంది గాని ఫారాలు తగ్గవు. ఆ వేసవి సెలవుల్లో మేం ఒక నోటుపుస్తకం తీసుకొని, ఒక జుమ్మా నుంచి ఇంకొక జుమ్మా దాకా, ఇద్దరం చేసిన ప్రతి పనీ రాశాం. పక్కన అది ఎవరి పనో రాశాం. నాలుగు పేజీలు నిండాయి. సగం పనుల పక్కన మా పేరు లేదు. అబ్బా స్నానం మా పనే అనుకున్నాం, అబ్బాకు కొడుకు కూడా ఉన్నాడు. తమ్ముడు వెల్డింగ్ షాపులో ఇనుప గేట్లు ఎత్తుతాడు, అబ్బాను ఎత్తలేడా? మొదటి వారం ఇద్దరూ సిగ్గుపడ్డారు. “నీ చెయ్యి గరుకు” అని అబ్బా గొణిగాడు. ఇప్పుడు ఆదివారం తమ్ముడే గడ్డం కూడా గీస్తాడు. ఆ ముచ్చట్లు లోపలినుంచి మాకు వినబడుతుంటాయి.

కాయితాల పనికి మాత్రం కొత్త చేతులు కావాల్సి వచ్చింది. అవి ఉన్నాయి. 2016లో మైనారిటీ గురుకులాలు మొదటి ఏడు 71 పెట్టారు, తర్వాత 204 అయ్యాయి. వాటి మీద ఎవరికి ఏ విమర్శ ఉన్నా, మా గల్లీలో మేం చూసింది చెబుతాం. అప్పుడు ఏడో తరగతిలో చేరిన అమ్మాయిలు 2022కి ఇంటర్ పూర్తి చేసి ఇంటికొచ్చారు. మాకంటే మంచి ఇంగ్లీషు, మాకంటే వేగంగా ఫోను మీద నడిచే వేళ్లు. ఆదివారం పది గంటలనుంచి జొహర్ నమాజు దాకా మా వసారాలో ముగ్గురమ్మాయిలను కూర్చోబెట్టాం. ఫారాలకు అదే రోజు, అదే వేళ. మిగతా రోజుల్లో వచ్చినవాళ్లకు చాయ్ ఇస్తాం, పెన్ను తీయం.

సులువుగా ఏమీ జరగలేదు. “వాళ్లు పిల్లలు, నువ్వే రాయి ఆపా, నీ చెయ్యి మంచిది” అన్నారు తల్లులు. గర్వమొచ్చిందన్నారు కొందరు. ఒక ఇల్లు మాతో మూడు నెలలు మాట్లాడలేదు. మనుషులు గుమ్మంలో నిలబడి అడుగుతుంటే అందులో ఒక గొప్ప కూడా ఉంటుంది, అది తగ్గిపోతుంటే లోపల ఏదో పోయినట్టుంటుంది, దాన్నీ దాచుకోం. అమ్మాయిలు పేర్ల విషయంలో మాకు తట్టని పని చేశారు. ఎవరి కాయితాలు వచ్చినా ముందు అన్నిటిలోని పేర్లను ఒక పేజీ మీద వరుసగా రాసి, ఏ స్పెల్లింగు ఎక్కువచోట్ల ఉందో చూసి, మిగతావాటిని దానికి మార్పించుకోమని చెప్పి పంపుతున్నారు. గల్లీలో ఇంటింటికీ అట్లాంటి ఒక పేజీ ఇప్పుడు ఉంది.

స్టాఫ్ రూము సంగతి పెద్దామె ఒక్కతే తేల్చుకుంది. ఒకరోజు మళ్లీ ‘మీవాళ్లు’ అని మొదలుపెడితే, “సార్, దానికి నేను రాలేదు. ఐదో తరగతికి లెక్కలు చెప్పనీకె వచ్చిన” అని సుద్దముక్క తీసుకొని లేచింది. కోపంగా కాదు. ఆయన ఒక వారం ముభావంగా ఉన్నాడు. ఈద్‌కు బిర్యానీ మానేసి ఒక డబ్బాలో షీర్ ఖుర్మా తీసుకుపోయింది, అది కూడా ఆయన రెండుసార్లు వేసుకున్నాడు. సెక్యులర్ మిత్రులతో కూడా ఇదే చెప్పుకోవాలి. లోపలినుంచి గొంతు రావాలని మీరు అడుగుతారు, వస్తుంది, ఇప్పుడు వస్తూనే ఉంది. మేం లేని గదుల్లో ఆ ప్రశ్నలు లేచినప్పుడు జవాబు మీరు చెప్పొచ్చు కదా. ప్రతిసారీ మమ్మల్నే పిలిపించడం ఎందుకు?

అన్నీ సర్దుకోలేదు. మామీకి ఇప్పటికీ దిల్ ఘబ్రాతా ఉంటుంది. మామూ రెండేండ్లకోసారి వస్తాడు. అమ్మీ చాట దించడం లేదు, వద్దంటే చేతులు ఊరికే ఉండవంటుంది. ఆమెకు 58 ఎప్పుడో నిండాయి, పీఎఫ్ పింఛను ఇంకా రావాలి. 2014 సెప్టెంబరునుంచి ఆ పింఛను కనీసం నెలకు 1,000 రూపాయలు చేశారు. ఆ వెయ్యి కోసం బీడీ కార్డులో ‘బీ’, ఆధార్‌లో ‘బేగం’ ఒకటేనని రుజువు చేయాలి. రెండుసార్లు తిప్పి పంపారు. పైగా వేలిముద్ర పడదు. ఇన్నేండ్లు ఆకు చుట్టి చుట్టి వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి, మిషన్ మీద ఎన్నిసార్లు పెట్టినా ఎర్ర దీపమే వెలుగుతుంది. సోమవారం మళ్లీ పోవాలి. పెద్దామెకు బడి, చిన్నామెకు అబ్బా మందుల పని. పక్కింటి అమ్మాయి ఆ పేర్ల పేజీ మడిచి పర్సులో పెట్టుకొని, “నానీమాకు కండ్ల స్కాన్ చేయమని అడుగుతా, ఏడు గంటల బస్సుకే పోతాం” అన్నది. అమ్మీ, మీరెవరూ రారా అని మావైపు చూసింది. తర్వాత లేచి, బయటికి కట్టుకొనే చీర తీసి మడత విప్పింది.